డర్బను నుండి విశాఖకు ఎంత దూరము?

ఒక ఆదివారము ఉదయము గుడి పక్క హాలులో తెలుగు తరగతి జరుగుతూ ఉండగా, పదేళ్ళ కుర్రవాడొకడు లేచి నిలబడి, "మాస్టరుగారూ, విశాఖపట్నం ఎంత దూరం? విమానంలో ఎన్ని గంటలు పడుతుంది?" అని అడిగినాడు. గుణింతాలు దిద్దుతున్న మేము తల ఎత్తకుండానే, "చాలా దూరం నాయనా" అని ఊరుకొన్నాము.

ఆ జవాబు మాకే నచ్చలేదు. చిన్నప్పుడు మేము తాతగారిని ఇదే ప్రశ్న అడిగినాము. "సముద్రానికి ఆవల, చాలా దూరం" అన్నారు. ఆయనకు వారి నాయన కూడా అదే చెప్పి ఉంటారు. బడిపంతులు పని చేస్తూ, ఒక పిల్లవానికి లెక్కలో చెప్పవలసినదానిని నిట్టూర్పులో చెప్పినాము. మరుసటి ఆదివారము ఒక గ్లోబు, ఒక దారపు ఉండ తీసుకొని తరగతికి పోయినాము. ఆ రోజు మొదలైన లెక్క మమ్ములను ఎక్కడెక్కడికో తీసుకొనిపోయినది. దానినే ఇక్కడ పాఠకుల ముందు పెడుతున్నాము.

గ్లోబు మీద డర్బను దగ్గర దారము ఒక కొన పట్టుకొని, రెండవ కొన విశాఖ మీద పెట్టి బిగించి లాగమన్నాము. భూమి గుండ్రముగా ఉన్నది గనుక, బిగించిన దారము పోయే దారే అన్నిటికంటె దగ్గరి దారి. అది మడగాస్కరు మీదుగా పోయి, హిందూ మహాసముద్రము దాటి, దక్షిణ భారతదేశము మీదుగా విశాఖకు చేరినది. ఆ దారము భూగోళము మీద సుమారు 69 డిగ్రీలు ఆక్రమించినది. డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున హెచ్చవేస్తే దాదాపు 7,700 కిలోమీటర్లు వచ్చినది. మన పెద్దల కొలతలో చెప్పాలంటే, ఆమడ ఎనిమిది మైళ్ళు అనుకొంటే, 600 ఆమడలు.

పెద్ద జెట్ విమానము గంటకు సుమారు 850 కిలోమీటర్లు పోతుంది. ఆ లెక్కన తొమ్మిది గంటలు. ఎక్కడానికి, దిగడానికి పట్టే జాప్యము కలుపుకొంటే తొమ్మిదిన్నర. "అంతేనా!" అన్నారు పిల్లలు. అంతే. రాత్రి భోజనము చేసి బయలుదేరితే తెల్లవారి ఫలహారము వేళకు విశాఖలో ఉండవచ్చును, అటువంటి విమానము ఉంటే.

కాని డర్బను నుండి విశాఖకు తిన్నగా పోయే విమానము లేదు. మనవాళ్ళు ఎక్కువగా పోయే దారి దుబాయి మీదుగా. డర్బను నుండి దుబాయికి 6,600 కిలోమీటర్లు, ఎనిమిదిన్నర గంటలు. దుబాయి నుండి హైదరాబాదుకు 2,550 కిలోమీటర్లు, మూడున్నర గంటల పైచిలుకు. అక్కడ నుండి విశాఖకు 500 కిలోమీటర్లు, గంటంబావు. మొత్తము 9,700 కిలోమీటర్లు. అంటే దారము చూపిన దూరము కంటె 2,000 కిలోమీటర్లు ఎక్కువ. గాలిలో ఉండేది పదమూడు గంటల పైన. మధ్య విమానాశ్రయాలలో కాచుకొనే గంటలు కలిపితే ఒక పగలు, ఒక రాత్రి సరిపోతాయి.

ఇక్కడ పిల్లలు ఒక పొరపాటు చేసినారు. అది పెద్దలు కూడా చేసేదే గనుక చెబుతున్నాము. సాయంత్రము ఏడు గంటలకు డర్బనులో ఎక్కి, తెల్లవారి అయిదున్నరకు దుబాయిలో దిగితే పదిన్నర గంటలు పట్టినదని లెక్క కట్టినారు. టికెట్టు మీద వ్రాసేది ఏ ఊరి గడియారము ఆ ఊరిదే. దుబాయి మనకంటె రెండు గంటలు ముందు, భారతదేశము మూడున్నర గంటలు ముందు. తూర్పుకు పోయేటప్పుడు గడియారము మన దగ్గర మూడున్నర గంటలు తీసుకొంటుంది. తిరిగి వచ్చేటప్పుడు ఆ గంటలు మనకు ఇచ్చివేస్తుంది.

ఈ చివరి మాట వ్రాసిన తరువాత మా చేతిలో సుద్దముక్క కొంచెము సేపు ఆగిపోయినది. తిరిగి వచ్చేటప్పుడు. మన పూర్వీకుల చరిత్ర అంతా ఆ రెండు మాటలలోనే ఉన్నది గదా!

మొదటి ఓడ సంగతి మన అందరికీ తెలిసినదే. 'ట్రూరో' అనే తెరచాప ఓడ 1860 అక్టోబరులో మద్రాసు విడిచి, నవంబరు 16వ తేదీన డర్బను చేరినది. అందులో 340 మందికి పైగా స్త్రీ పురుషులు, పిల్లలు ఉన్నారు. దాదాపు అయిదు వారాల ప్రయాణము. మద్రాసు నుండి డర్బనుకు తిన్నగా 7,100 కిలోమీటర్లు. ఓడ వంకర దారిన గాలిని బట్టి పోయినా, తిన్నని దూరము లెక్కనే చూస్తే రోజుకు 200 కిలోమీటర్లు. ఇప్పుడు విమానము పావుగంటలో పోయే దూరము అది.

విశాఖ జిల్లా మనిషికి ప్రయాణము మద్రాసులో మొదలు కాలేదు. అతడు ముందు తన ఊరు విడిచి, దక్షిణముగా 800 కిలోమీటర్లకు కొంచెము తక్కువ దూరము పోయి మద్రాసు డిపో చేరాలి. గోదావరి మీద రైలు వంతెన పూర్తి అయినది 1900లో. అంతకు ముందు కాలినడక, ఎడ్లబండి, కోస్తా పడవ ఇవే సాధనములు. మద్రాసుకు ఆ రోజులలో కట్టిన రేవు లేదు. అలల మీద మసూలా పడవలలో ఎక్కించి, దూరముగా లంగరు వేసి ఉన్న ఓడకు చేర్చేవారు. ఈ కొసన డర్బను రేవు నోటికి అడ్డముగా ఇసుకతిన్నె. పెద్ద ఓడలు లోపలికి రాలేక బయటనే ఆగితే, చిన్న పడవలలో జనాన్ని దింపేవారు. అప్పుడూ తిన్నగా దారి లేదు, ఇప్పుడూ లేదు. అప్పుడు మద్రాసు, ఇప్పుడు దుబాయి.

తరువాత ఆవిరి ఓడలు వచ్చినవి. ప్రయాణము వారాల లెక్కనే ఉన్నా, గాలి కోసము కాచుకొనే పని తప్పినది. 1911 జూలైలో 'ఉమ్లాజి' అనే ఓడ చివరి కూలీలను దింపినది. మొత్తము 1,52,184 మంది ఈ విధముగా నేటాలుకు వచ్చినారు. వారిలో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు రేవున ఎక్కినవారే. తమిళులు, తెలుగువారు కలిసే వచ్చినారు.

వచ్చిన సంగతి ఇది. మరి తిరిగి పోయే సంగతి?

మొదట చేసికొన్న ఒప్పందము ప్రకారము అయిదేళ్ళు తోటలో పని చేసి, మరి అయిదేళ్ళు ఈ దేశములో ఉంటే, ప్రభుత్వమే ఉచితముగా ఓడ ఎక్కించి పంపవలెను. అంటే డర్బను నుండి మద్రాసుకు పది సంవత్సరముల దూరము. ఓడకు అయిదు వారాలు చాలును, కాని మనిషికి పదేళ్ళు. 1871లో తిరిగి వెళ్ళిన మొదటి జట్టు వారు అక్కడ అధికారులకు ఇక్కడి దెబ్బలు, కోతబెట్టిన జీతాలు మొదలైన బాధలన్నీ చెప్పుకొన్నారు. దాని ఫలితముగానే 1872లో ఇక్కడ విచారణ సంఘము కూర్చున్నది.

1895లో వచ్చిన చట్టము ఇంకొక మెలిక పెట్టినది. ఆ తరువాత వచ్చినవారు అయిదేళ్ళు ముగిసిన పిదప మరల కూలి ఒప్పందము వ్రాయవలెను, లేదా భారతదేశానికి పోవలెను. రెండూ కాక స్వతంత్రముగా ఉండదలచినవాడు ఏటేటా మూడు పౌన్లు పన్ను కట్టవలెను. తోటలో మొదటి ఏడు జీతము నెలకు పది షిల్లింగులు. మూడు పౌన్లంటే అరువది షిల్లింగులు, అనగా ఆరు నెలల జీతము. మా ముత్తాత వచ్చినది 1898లో గనుక ఈ పన్ను ఆయన మెడకు తగులుకొన్నది. ఆయన పోలేదు, పన్నూ కట్టలేకపోయినాడు. మరల అయిదేళ్ళకు వేలిముద్ర వేసినాడు. 1913లో గాంధీగారి నాయకత్వాన మన కూలీలు బొగ్గు గనులలో, చెరకు తోటలలో పని ఆపి, జైళ్ళకు పోయిన తరువాతనే 1914లో ఆ పన్ను రద్దయినది.

అయితే దూరము తగ్గినదా? పోయే దారి ఒకటి బాగా తెరిచినారు. 1927 నాటి కేప్‌టౌను ఒడంబడిక ప్రకారము, ఈ దేశము విడిచిపోయే భారతీయునికి ప్రభుత్వము ఓడ ఖర్చులు పెట్టుకొని, పెద్దవారికి తలకు 20 పౌన్లు, పిల్లలకు 10 పౌన్లు బహుమానము ఇచ్చినది. ఒకప్పుడు ఏటా మూడు పౌన్లు లాగుకొన్నవారే ఇప్పుడు ఇరువది పౌన్లు చేతిలో పెట్టి పొమ్మన్నారు. పోయినవాడు మనసు మారి మరల రాదలిస్తే మూడు సంవత్సరముల లోపల రావలెను, పుచ్చుకొన్న సొమ్ము, ఓడ ఖర్చు అంతా తిరిగి కట్టవలెను. మూడేళ్ళు దాటితే ఈ దేశముతో వానికి సంబంధము లేదు.

మా తాతగారి అక్క, ఆమె భర్త, ముగ్గురు బిడ్డలు 1928లో ఆ సొమ్ము పుచ్చుకొని ఓడ ఎక్కినారు. బావగారికి అక్కడ రెండెకరాల చెక్క ఉన్నదని నమ్మకము. ఆమె మాత్రము ఇక్కడ బ్యారకులో పుట్టిన మనిషి. విశాఖను ఎన్నడూ చూడలేదు. ఆమెకు అది తిరిగి పోవుట ఎట్లు అవుతుంది? మొదటి ఉత్తరములో భూమి దాయాదుల చేతిలో ఉన్నదని వ్రాయించినది. రెండవ దానిలో, అక్కడివారు తమను 'నేటాలువాళ్ళు' అంటున్నారని వ్రాయించినది. మూడవదానిలో, ఎట్లయినా తమ్ముడు సొమ్ము పంపితే మూడేళ్ళ గడువు లోపల వస్తామని ఉన్నది. నూరు పౌన్ల దాకా కావాలి. తోటలో పని చేసే తమ్ముడు ఎక్కడ తెస్తాడు? గడువు దాటిపోయినది. ఆ తరువాత కూడా ఉత్తరాలు వచ్చినవి గాని, రావడము గురించిన మాట వాటిలో లేదు.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. అట్లా తిరిగి వెళ్ళినవారి దుస్థితిని గురించి భవానీదయాళ్ సన్యాసి, బనారసీదాస్ చతుర్వేది గార్లు 1931లో ఒక నివేదిక ప్రకటించినారు. అదే రోజులలో ఇక్కడ భారత ప్రభుత్వ ఏజెంటుగా 1929 నుండి 1932 వరకు ఉన్నవారు మన తెలుగువారే, సర్ కూర్మా వెంకటరెడ్డి నాయుడుగారు. వారు ఉన్న కాలముననే 1931లో ఇక్కడి ఆంధ్ర మహాసభ వెలసినది. పోవుట కుదరదని తెలిసిన జనము, ఉన్న చోటనే భాషను నిలబెట్టుకొనడానికి పూనుకొన్నారని మాకు తోస్తుంది. మేము అక్షరాలు దిద్దినది కూడా అటువంటి సాయంకాలపు తరగతులలోనే.

ఇక విమానముల కాలము వచ్చినది. డర్బనుకు దక్షిణాన లూయీ బోతా విమానాశ్రయము 1951లో తెరిచినారు. ఆకాశములో అడ్డు ఏమున్నది అనుకొంటాము. కాని ఈ దేశము చేసిన వర్ణవివక్ష చట్టాలకు నిరసనగా భారతదేశము 1946లోనే వాణిజ్య సంబంధాలు తెంచుకొన్నది. 1962లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ, దక్షిణాఫ్రికా ఓడలకు రేవులు మూయవలెనని, దాని విమానాలను దిగనివ్వవద్దని సభ్యదేశాలను కోరుతూ తీర్మానించినది. భారతదేశము చేసినది న్యాయము. మన కోసమూ, ఈ గడ్డ మీది నల్లవారి కోసమూ చేసినది. ఆ మాటలో మాకు సందేహము లేదు. అయినా ఆ న్యాయానికి వెల మన ముసలివాళ్ళు కూడా చెల్లించినారు. 'కరంజా' వంటి ఓడలు 1970ల దాకా బొంబాయికి పోయేవి గాని తూర్పు ఆఫ్రికా రేవులన్నీ తిరిగి పోవలెను. ఓడలు ఆగిన తరువాత విమానములో పోదలచినవారు మారిషసు మీదుగానో, మరొక దేశము మీదుగానో చుట్టు తిరిగేవారు.

1983లో మా నాన్నగారు గ్రే వీధిలోని ఒక టికెట్ల దుకాణానికి పోయినారు. మేము వెంట ఉన్నాము, మాకు అప్పటికి పదమూడేళ్ళు. ఆయన అడిగినది కూడా ఆ కుర్రవాడు అడిగినదే: విశాఖకు ఎన్ని గంటలు? దుకాణదారు గంటలు చెప్పలేదు. ఏయే దేశాలలో మారాలో, ఏయే కాగితాలు కావాలో, వీసాకు ఎంత కాలము పట్టవచ్చునో చెప్పి, చివర టికెట్టు ధర చెప్పినాడు. నాన్నగారు ధన్యవాదాలు చెప్పి బయటికి వచ్చి, మాకు ఒక ఐస్‌క్రీము కొనిపెట్టినారు. దారిలో ఏమీ మాట్లాడలేదు. ఆ ఏడు కూడబెట్టిన సొమ్ముతో ఇంటి కప్పు వేయించినారు. 1991లో ఆయన గతించినారు. 1993లో రెండు దేశాల మధ్య రాయబార సంబంధాలు తిరిగి ఏర్పడినవి. దారము మీద దూరము మారలేదు. ఆయనకు రెండేళ్ళు తక్కువైనవి.

జోహన్నెస్‌బర్గు నుండి ముంబయికి మన దేశపు విమాన సంస్థ కొన్ని ఏండ్లు తిన్నగా విమానాలు నడిపి 2015లో మానివేసినది. డర్బనుకు కొత్త విమానాశ్రయము 2010 మే 1న తెరిచినారు. షాకా రాజు పేరు పెట్టిన ఆ విమానాశ్రయము ఊరికి ఉత్తరాన 35 కిలోమీటర్ల దూరములో లా మెర్సీ దగ్గర ఉన్నది. ఆ నేల చెరకు నేల. ఒక పక్క వెరులము, ఒక పక్క టోంగాటు, మన పెద్దలు గొడ్డళ్ళు, కత్తులు పట్టి చెమట కార్చిన ప్రాంతము. 3,700 మీటర్ల రన్‌వే మీద విమానము పరుగెత్తేటప్పుడు కిటికీలో నుండి చూస్తే కంచె ఆవల ఇప్పటికీ చెరకు కనబడుతుంది. ఏ చేనులో నుండి మా ముత్తాత ఇంటికి పోలేకపోయినాడో, అటువంటి చేని మీద నుండే మేము 2014లో లేచి పోయినాము.

పోయే ముందు ఒక పని చేసినాము. ప్రతి ఒప్పందపు కూలీకి ఒక నంబరు ఉన్నది. ఓడల జాబితాలలో ఆ నంబరు ఎదుట పేరు, తండ్రి పేరు, వయసు, కులము, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది పుట్టుమచ్చలు లేక గాయపు గుర్తులు వ్రాసి ఉంచినారు. మా ముత్తాత జిల్లా విశాఖపట్నము అని స్పష్టముగానే ఉన్నది. ఊరు మాత్రము ఇంగ్లీషు గుమాస్తా చెవికి తోచినట్లు 'కోటవల్సా' అని వ్రాసినాడు.

విశాఖ విమానాశ్రయములో దిగేటప్పటికి ఇల్లు విడిచి ఇరువది రెండు గంటలు అయినది. మా ముత్తాత నెలల తరబడి చేసిన ప్రయాణాన్ని ఒక్క రోజులో తిరగవేసినామని గర్వపడినాము. ఆ గర్వము ఒక్క పూటే నిలిచినది. అక్కడ ఒక విశ్రాంత ఉపాధ్యాయులవారు మా కాగితము చూసి నవ్వి, "కొత్తవలస కావచ్చునండీ. కాని ఏ కొత్తవలస? ఆ పేరుగల ఊళ్ళు ఒకటి కాదు. అసలు ఇటు వలస అని ముగిసే ఊళ్ళు లెక్కలేనన్ని" అన్నారు. వలస అంటే ఏమిటని అడిగినాము. "ఇంకొక చోటి నుండి కదలి వచ్చినవాళ్ళు కట్టుకొన్న ఊరు" అన్నారు. మా ముత్తాత విడిచి వచ్చిన ఊరు కూడా ఎవరో ఎక్కడి నుండో వచ్చి కట్టుకొన్నదే!

మేము మూడు రోజులలో రెండు కొత్తవలసలు చూసినాము. రెండు చోట్లా మంచినీళ్ళు, మజ్జిగ ఇచ్చినారు. రెండు చోట్లా మా ఇంటిపేరువాళ్ళు లేరు. ఒక ముసలమ్మ మా మాట విని, "మా అవ్వ మాటాడినట్టు మాటాడతన్నారు బాబూ" అన్నది. అంతకు మించిన ఆనవాలు మాకు దొరకలేదు. విమానము 9,700 కిలోమీటర్లు తప్పులేకుండా తీసుకొనిపోయినది. ఆఖరి యాభై కిలోమీటర్లు మాకు తెలియలేదు. ఆ దూరము తెలిసినవారు మా తాతగారు. ఆయనను అడిగి వ్రాసుకొనే వయసు వచ్చేటప్పటికి ఆయన లేరు.

ఇప్పుడు విశాఖకు ఉత్తరాన, విజయనగరము వైపు, భోగాపురము వద్ద మరొక విమానాశ్రయానికి 2023లో శంకుస్థాపన చేసినారు. ఆ వైపు ఊళ్ళ మనిషికి దారి మరికొంత తగ్గుతుంది. ఏ ఊరికి పోవాలో తెలిసినవానికి ఆ మేలు.

ఆ కుర్రవానికి చివరకు ఈ విధముగా జవాబు చెప్పినాము. విశాఖకు 7,700 కిలోమీటర్లు. ఆ అంకె 1860లోనూ అంతే, రేపూ అంతే. ప్రయాణపు కాలము మాత్రము అయిదు వారాల నుండి ఒక రోజుకు వచ్చినది. కాని పోవడము, పోయి తిరిగి రావడము అనేవి ఓడ వేగాన్ని, విమానపు వేగాన్ని బట్టి జరగలేదు. ఒప్పందము, పన్ను, గడువు, ప్రభుత్వాల తగవు, టికెట్టు ధర, ఇవే ఒక్కొక్క కాలములో మన దూరాన్ని నిర్ణయించినవి. ఎవరైనా మీ తాత ఎందుకు తిరిగి పోలేదు, దేశాన్ని మరచిపోయినాడా అని అడిగితే, ఈ లెక్క చెప్పు అన్నాము.

వాడు అంతా విని, "మరి మా ఊరు ఏది మాస్టరుగారూ?" అన్నాడు. ఆ వారము పిల్లలందరికీ ఇంటిపని అదే ఇచ్చినాము. ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి ముత్తాత నంబరు, ఓడ పేరు, ఊరి పేరు వ్రాసుకొని రావలెను. ఊరి పేరు పెద్దవాళ్ళ నోట ఎట్లా వస్తే అట్లాగే తెలుగు అక్షరాలలో వ్రాయవలెను. ఇంగ్లీషులో వ్రాస్తే 'కోటవల్సా' అవుతుంది. పదునాలుగు మంది పిల్లలలో అయిదుగురు ఊరి పేరు తెచ్చినారు. ఇద్దరి ఇళ్ళలో ఆ పేరు తెలిసినవారు ఎనభై ఏళ్ళు దాటిన అవ్వలు మాత్రమే.

పాఠకులకు మా మనవి కూడా ఇదే. టికెట్టు తరువాత కొనవచ్చును. ముందు అవ్వను అడగండి.